ప్యాకెట్ మీద రాసిన బరువు లోపల లేదా? తూకం వేయడం నుంచి ఇన్‌స్పెక్టర్ దాకా ఏం చేయాలో వరుసగా

"ప్యాకెట్ తూచి చూస్తే తక్కువ వచ్చింది, ఎవరికి కంప్లైంట్ చేయాలి" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు, కాకపోతే వాళ్లలో చాలామంది అప్పటికే ప్యాకెట్ కోసేసి, సగం తినేసి, కవర్ చెత్తబుట్టలో పడేశాక అడుగుతున్నారు. అప్పుడు ఎవరైనా చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే మొదట్నుంచీ రాస్తున్నా. మీరు ఏ దేశంలో ఉన్నా పద్ధతి దాదాపు ఇదే, కంప్లైంట్ ఎవరికి వెళ్లాలన్నది మాత్రమే మారుతుంది.

ముందుగా ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ చేతిలో ఉన్న ఒక్క ప్యాకెట్ చూపించి కంపెనీ మీద కేసు నిలబెట్టడం చాలా కష్టం, ఎందుకంటే చట్టం ముఖ్యంగా చూసేది బ్యాచ్‌ని. మీ పని కేసు గెలవడం కాదు, ఇన్‌స్పెక్టర్‌ని సరైన బ్యాచ్ దగ్గరికి, అది షాపుల్లోంచి అయిపోకముందే పంపించడం. కింద రాసినవన్నీ దానికోసమే.

1. ముందు లేబుల్ సరిగ్గా చదవండి

లేబుల్ మీద ఉండేది నికర బరువు, అంటే కవరు, ట్రే, లోపలి పేపరు అన్నీ తీసేశాక మిగిలే తిండి బరువు. ప్యాకెట్ అలాగే కాటా మీద పెట్టి "200 అని రాశారు, 203 వచ్చింది, బానే ఉంది" అనుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పు లెక్క. కవరే 9 గ్రాములు ఉంటే లోపల ఉన్నది 194 గ్రాములే.

ఇవి కూడా చూస్కోండి:

- నీళ్లలోనో, ఉప్పు నీళ్లలోనో, షుగర్ సిరప్‌లోనో ఉన్న డబ్బా అయితే రెండు బరువులు ఉండొచ్చు, ఒకటి మొత్తం నికర బరువు, ఇంకోటి నీళ్లు వంపేశాక బరువు. మీరు దేన్ని తూస్తున్నారో దాంతోనే పోల్చండి.
- ఇంతకుముందు 250 గ్రాములున్న ప్యాకెట్ ఇప్పుడు అదే సైజులో 220 అని రాసి అమ్ముతుంటే కోపం రావడం న్యాయమే, కానీ లోపల నిజంగా 220 ఉంటే అది తక్కువ తూకం కేసు కాదు.
- ప్యాకెట్లో సగం గాలే ఉందన్నది వేరే ఫిర్యాదు. దాన్ని దీంతో కలిపి రాయకండి, రెండూ పలచబడిపోతాయి.
- షాపువాళ్లే తూచి స్టిక్కర్ అంటించిన ట్రే అయితే బాధ్యత కంపెనీది కాదు, షాపుది. అక్కడ ఎక్కువగా జరిగేది ట్రే బరువు తీసేయకుండా తూచడం, కాబట్టి ఆ ట్రే దాచిపెట్టండి.

2. చట్టం ఎంత తేడా వరకు ఒప్పుకుంటుందో తెలుసుకోండి

ఇది తెలీకే చాలా కంప్లైంట్లు వీగిపోతాయి. మెషిన్ నింపేటప్పుడు ఒక ప్యాకెట్లో కొంచెం ఎక్కువ, ఒక ప్యాకెట్లో కొంచెం తక్కువ పడుతుంది, దాన్ని ఏ దేశమూ పూర్తిగా తప్పనదు. అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ (అంటే తూనికలు కొలతల చట్టాల) సంస్థ ఓఐఎంఎల్ దీనికోసం ఆర్ 87 అని ఒక సిఫార్సు పెట్టింది, అందులో ఒక్కో ప్యాకెట్‌కి ఒప్పుకునే తరుగు లెక్క ఇలా ఉంటుంది:

- 50 గ్రాముల వరకు: 9 శాతం
- 50 నుంచి 100: 4.5 గ్రాములు
- 100 నుంచి 200: 4.5 శాతం
- 200 నుంచి 300: 9 గ్రాములు
- 300 నుంచి 500: 3 శాతం
- 500 నుంచి 1000: 15 గ్రాములు
- 1 కేజీ నుంచి 10 కేజీలు: 1.5 శాతం

యూరప్‌లో 1976 నాటి డైరెక్టివ్, బ్రిటన్‌లో 2006 నాటి ప్యాకేజ్డ్ గూడ్స్ రెగ్యులేషన్లు, ఇండియాలో 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, అన్నిట్లో ఈ గ్రాముల లెక్కే ఉంటుంది. అమెరికా మాత్రం తన టేబుల్ తాను పెట్టుకుంది, అక్కడి ప్రమాణాల సంస్థ నిస్ట్ వేసిన హ్యాండ్‌బుక్ 133 అనే దాంట్లో, అక్కడ కూడా అడిగేవి రెండే: సగటు లేబుల్‌కి తగ్గిందా, విడిగా ఏ ప్యాకెట్ అయినా మరీ తగ్గిందా.

యూరప్, బ్రిటన్ పద్ధతిలో మూడు షరతులు. బ్యాచ్ సగటు లేబుల్ బరువుకి తగ్గకూడదు. పైన చెప్పిన తరుగు దాటిన ప్యాకెట్లు చాలా కొద్ది మాత్రమే ఉండొచ్చు. దానికి రెట్టింపు తరుగున్న ప్యాకెట్ ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇప్పుడు దీన్నే మీ చేతిలో ఉన్న ప్యాకెట్‌కి పెట్టి చూడండి. 200 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్‌లో 194 వస్తే తరుగు 6, ఒప్పుకునేది 9, కాబట్టి ఆ ఒక్క ప్యాకెట్ చూపించి ఎవరూ ఏమీ చేయలేరు. అదే 181 వస్తే రెట్టింపు గీత, అంటే 18 గ్రాములు, దాటేసినట్టు, అప్పుడు ఆ ఒక్కటే గట్టి ఆధారం. మరి అన్ని ప్యాకెట్లూ 194 దగ్గరే వస్తుంటే? అక్కడే ఉంది అసలు విషయం. తరుగు అనేది మెషిన్ ఊగిసలాటకి ఇచ్చిన వెసులుబాటు, రోజూ 6 గ్రాములు మిగుల్చుకోవడానికి ఇచ్చిన పర్మిషన్ కాదు. దాన్ని పట్టుకునేది సగటు, అందుకే ఒకటి కాదు కొన్ని ప్యాకెట్లు కావాలి.

3. కాటాని ముందు మీరే పరీక్ష చేయండి

ఇంట్లో కాటా చూపించేది నిజమే అని కంపెనీ ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్న వాళ్లు తప్పకుండా అడుగుతారు, మీరే ముందు అడుక్కోండి. ఆర్ 87 ప్రకారం తనిఖీ చేసేవాళ్ల కొలతలో అనిశ్చితి పైన చెప్పిన ఒప్పుకునే తరుగులో అయిదో వంతు దాటకూడదు. 200 గ్రాముల ప్యాకెట్‌కి అది 1.8 గ్రాములు, అంటే రెండు మూడు గ్రాములు అటూ ఇటూ చూపించే కిచెన్ కాటా పనికిరాదన్నమాట.

చేయాల్సింది ఇది:

- బ్యాటరీ కొత్తది వేసి, గట్టిగా సమంగా ఉన్న బల్ల మీద పెట్టండి, ఫ్యాన్ ఆపండి.
- బరువు కచ్చితంగా తెలిసిన వస్తువు ఏదైనా పెట్టి చూడండి. కాటాలు సరిచూడటానికి వాడే ఎం1 క్లాస్ 500 గ్రాముల టెస్ట్ రాయి ఎవరి దగ్గరైనా దొరికితే అంతకన్నా మంచిది లేదు, దాని తేడా 25 మిల్లీగ్రాములకి మించదు. లేకపోతే నాణేలు: అమెరికా నికెల్ 5 గ్రాములు, ఒక యూరో నాణెం 7.5 గ్రాములు, ఒక ఇరవై కలిపి పెడితే తేడా బయటపడుతుంది.
- అదే వస్తువుని తీసి పెట్టి అయిదు సార్లు తూచండి. ప్రతిసారీ వేరే అంకె వస్తుంటే ఆ కాటా వదిలేయండి.
- ప్యాకెట్ బరువుకి దగ్గర బరువులో పరీక్షించండి. 20 గ్రాముల దగ్గర సరిగ్గా ఉన్న కాటా 800 దగ్గర సరిగ్గా ఉంటుందన్న గ్యారెంటీ లేదు.

ఈ పరీక్ష కూడా ఫోటో తీయండి. కంప్లైంట్లో "నా కాటాని ఇలా చెక్ చేశాను" అన్న ఒక్క లైను ఉంటే చదివే ఆఫీసర్ మిమ్మల్ని వేరేగా చూస్తారు, ఇది అనుభవంతో చెప్తున్నా.

4. ప్యాకెట్లు కొనేటప్పుడే సాక్ష్యం మొదలవుతుంది

నేను మొదటిసారి చేసిన పొరపాటు ఇక్కడే. ఆత్రంగా నాలుగు ప్యాకెట్లూ కోసి, లోపలిది గిన్నెలో పోసి తూచి, ఫోటోలు తీసి, చక్కగా టేబుల్ వేసి పంపాను. ఆఫీసర్ మర్యాదగానే అడిగారు, "సీల్ తీయని ప్యాకెట్ ఏమన్నా ఉందా అండీ" అని. లేదు. షాపుకెళ్లి చూస్తే ఆ బ్యాచ్ అయిపోయింది. అంతటితో అది ముగిసింది.

అందుకని:

- ఒకే బ్యాచ్ నంబర్ ఉన్నవి కనీసం అయిదు కొనండి, ఏడు ఎనిమిదైతే ఇంకా మంచిది.
- అరలో పైనున్నవే కాకుండా వెనకనుంచి, పక్కనుంచి కలిపి తీయండి, చేత్తో తూగి చూసి తేలికగా ఉన్నవి ఏరుకోకండి. ఏరుకున్న ప్యాకెట్ల సగటుకి విలువ లేదు.
- బిల్లు తప్పనిసరిగా తీసుకోండి, ఫోటో కూడా తీసి పెట్టుకోండి, ఆ పేపరు మీద సిరా నెలల్లో మాసిపోతుంది.
- ప్రతి ప్యాకెట్‌కీ ముందు, వెనక, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, తయారుచేసినవాళ్ల అడ్రస్ కనపడేలా ఫోటోలు.
- చిరిగినవి, కారుతున్నవి, తడిసినవి పక్కన పెట్టేయండి.

పిండి లాంటివి, బ్రెడ్ లాంటివి ఆరిపోయి బరువు తగ్గుతాయి, ఆ సంగతి కంపెనీలకి బాగా తెలుసు. అమెరికా హ్యాండ్‌బుక్ అయితే పిండికి 3 శాతం తేమ తరుగు విడిగా ఇస్తుంది. కాబట్టి ఇలాంటివి కొన్న రోజే తూచండి, తయారీ తేదీ దగ్గరగా ఉన్నవి తీసుకోండి.

5. తూకం వేసే వరుస

ఈ వరుస మార్చకండి.

ఒకటి, ప్రతి ప్యాకెట్ మీద పర్మనెంట్ మార్కర్‌తో నంబర్ వేయండి, లేబుల్ మీద అక్షరాలు కప్పేయకుండా. రెండు, సీల్ తీయకుండా ప్రతిదీ తూచి, కాటా అంకె, ప్యాకెట్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒకే ఫోటోలో పడేలా తీయండి. ఆపకుండా ఒకే వీడియో తీస్తే ఇంకా మంచిది, కాటా సున్నా చూపించడం దగ్గర మొదలుపెట్టి చివరి ప్యాకెట్ దాకా. మూడు, రెండు ప్యాకెట్లు మాత్రమే తెరవండి. లోపలిది పూర్తిగా తీసేసి, కవరు, ట్రే, మధ్యలో పెట్టిన కాగితం, ఉంటే తేమ పీల్చే చిన్న సాచెట్, అన్నీ దులిపి తుడిచి ఆరబెట్టి కలిపి తూచండి. అది ఖాళీ కవర్ బరువు. కవర్ మూల్లో చిక్కుకున్న పొడి కూడా తిండి కిందే లెక్క, దాన్ని కవర్ బరువులో కలిపేస్తే కంపెనీకి అన్యాయం చేసినట్టే. నాలుగు, తెరిచిన రెండింట్లో తిండిని కూడా విడిగా తూచండి, మొత్తంలోంచి కవర్ తీసేస్తే వచ్చే అంకెతో ఇది కలవాలి. కలవకపోతే ఎక్కడో తప్పు చేశారు, మళ్లీ మొదట్నుంచీ.

లెక్క ఇలా ఉంటుంది. లేబుల్ 200 గ్రాములు. సీల్ తీయకుండా అయిదు ప్యాకెట్లు: 203, 202, 204, 203, 202. ఖాళీ కవర్లు రెండూ 9 గ్రాములు. నికర బరువులు 194, 193, 195, 194, 193. సగటు 193.8, అంటే తరుగు 6.2 గ్రాములు, 3.1 శాతం. ఒక్క ప్యాకెట్ కూడా 9 గ్రాముల గీత దాటలేదు, కానీ ఒక్కటి కూడా 200కి చేరలేదు. ఇలాంటి పట్టికే ఇన్‌స్పెక్టర్‌ని కదిలించేది, ఒక్క ప్యాకెట్ ఫోటో కాదు.

అయితే అయిదు ప్యాకెట్లు చట్టపరమైన పరీక్ష కాదు, అనుమానానికి గట్టి కారణం మాత్రమే. అమెరికాలో ఇన్‌స్పెక్టర్ 250 లోపు ప్యాకెట్లున్న లాట్ (తనిఖీకి తీసుకున్న ప్యాకెట్ల మొత్తం) నుంచి 12, 3200 వరకు అయితే 24, అంతకు మించితే 48 తీసి తూస్తారు. అందుకే కంప్లైంట్లో "రుజువైంది" అని రాయకండి, "తనిఖీ చేయండి" అని రాయండి.

6. నీళ్లు, ఐస్ ఉన్న వస్తువులు

డబ్బాలో నీళ్లతో ఉన్నవాటికి: ఖాళీ జల్లెడ ముందు తూచి పెట్టుకోండి, డబ్బా మొత్తం జల్లెడలో పోసి పరిచి, కాస్త వాలుగా పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి, ఊపకూడదు, గరిటెతో నొక్కకూడదు. రెండు నిమిషాలవగానే జల్లెడతో సహా తూచి జల్లెడ బరువు తీసేయండి.

ఫ్రోజెన్ చేప, రొయ్యల్లాంటివాటి మీద పల్చని ఐస్ పొర ఉంటుంది, ఆ ఐస్ నికర బరువులోకి రాదు. చాలామంది దాన్ని పూర్తిగా కరగబెట్టి తూస్తారు, అప్పుడు లోపలి నీరు కూడా పోయి తరుగు ఎక్కువ కనిపిస్తుంది, కంపెనీ ఆ మాటే పట్టుకుంటుంది. చల్లటి నీళ్లు మెల్లగా చిలకరిస్తూ పైన ఐస్ పోయేదాకా మాత్రమే కడిగి, లోపల గడ్డగానే ఉండగా, జల్లెడ మీద రెండు నిమిషాలు ఓడ్చి తూచాలి.

నిజం చెప్పాలంటే ఈ రకం వస్తువుల్లో ఇంటి తూకం మీద పెద్దగా ఆధారపడొద్దు. సీల్ తీయని ప్యాకెట్ ఫ్రీజర్లో దాచి, తూచే పని ఇన్‌స్పెక్టర్‌కే వదిలేయడం మేలు.

7. కంప్లైంట్ ఎవరికి

- ఇండియా: రాష్ట్ర లీగల్ మెట్రాలజీ శాఖ, మనం తూనికలు కొలతల శాఖ అంటాం. ఆధారం లీగల్ మెట్రాలజీ చట్టం 2009, ఇది 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీకపోతే జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915.
- అమెరికా: మీ రాష్ట్రం లేదా కౌంటీ వెయిట్స్ అండ్ మెజర్స్ ఆఫీసు, చాలా రాష్ట్రాల్లో ఇది వ్యవసాయ శాఖ కింద ఉంటుంది.
- బ్రిటన్: లోకల్ కౌన్సిల్ ట్రేడింగ్ స్టాండర్డ్స్. ఇంగ్లాండ్, వేల్స్‌లో సిటిజన్స్ అడ్వైస్ కన్స్యూమర్ సర్వీస్ ద్వారా వాళ్లకి చేరుతుంది.
- ఆస్ట్రేలియా: నేషనల్ మెజర్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్.
- కెనడా: తిండి ప్యాకెట్ల విషయంలో కెనడియన్ ఫుడ్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ముందు ఫోన్ చేయాలా అంటే, నా సలహా వద్దు. వాళ్లు సారీ చెప్పి ఇంకో ప్యాకెట్ పంపుతారు, పాతది వెనక్కి తీసుకెళ్తామంటారు, మీరిచ్చేస్తారు, ఆధారం పోయింది, ఆ బ్యాచ్ మాత్రం షాపుల్లో అలాగే అమ్ముడవుతూ ఉంటుంది. ముందు శాఖకి కంప్లైంట్ పెట్టి నంబర్ తీసుకోండి, తర్వాత కంపెనీకి రాస్తే రాయండి. సీల్ తీయని ప్యాకెట్ మాత్రం ఇన్‌స్పెక్టర్‌కి తప్ప ఎవరికీ ఇవ్వొద్దు, వాళ్లకిచ్చినా రసీదు తీసుకోండి.

సోషల్ మీడియాలో పెట్టడం కూడా తర్వాతే. "ఫలానా కంపెనీ దొంగ" అని ముందే రాసేస్తే పరువు నష్టం నోటీసు మీకే రావొచ్చు.

8. ఏం రాయాలి

ఒక పేజీ దాటొద్దు. కోపం ఎంతున్నా అంకెలే మాట్లాడాలి. ఇలా:

"ఫలానా తేదీన ఫలానా షాపులో ఈ వస్తువు అయిదు ప్యాకెట్లు కొన్నాను, బిల్లు జతచేశాను. లేబుల్‌పై నికర బరువు 200 గ్రాములు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, తయారీదారు అడ్రస్ ఇవి. సీల్ తీయకుండా తూచిన బరువులు, ఖాళీ కవర్ బరువు పట్టికలో ఉన్నాయి. సగటు నికర బరువు 193.8 గ్రాములు వచ్చింది. కాటాని తెలిసిన బరువుతో సరిచూశాను. మూడు ప్యాకెట్లు సీల్ తీయకుండా నా దగ్గర ఉన్నాయి. ఇదే బ్యాచ్ ఫలానా తేదీ సాయంత్రానికి ఆ షాపులో ఇంకా అమ్మకంలో ఉంది. ఆ బ్యాచ్‌ని తనిఖీ చేసి, తీసుకున్న చర్య తెలియజేయగలరు."

బ్యాచ్ ఇంకా అమ్మకంలో ఉందన్న వాక్యం చాలా ముఖ్యం, అది లేకపోతే ఫైలు పక్కకి వెళ్లిపోతుంది.

పంపేముందు చూస్కోవాల్సినవి:

- బిల్లు ఫోటో
- లేబుల్, బ్యాచ్ నంబర్ ఫోటోలు
- తూకం వీడియో, పట్టిక
- ఖాళీ కవర్ తూచిన ఫోటో
- కాటా పరీక్ష ఫోటో
- సీల్ ఉన్న ప్యాకెట్లు ఎన్ని, ఎక్కడ దాచారు
- మీ ఫోన్ నంబర్, ఏ టైముకి దొరుకుతారు

9. పంపాక ఏం జరుగుతుంది

ఇన్‌స్పెక్టర్ షాపుకో, గోడౌన్‌కో, ప్యాకింగ్ జరిగే చోటుకో వెళ్లి తన ముద్ర ఉన్న కాటాతో శాంపిల్ తూస్తారు. తగ్గితే ఆ స్టాక్ అమ్మకం ఆపించొచ్చు, ఇండియాలో అయితే సీజ్ చేయొచ్చు, కేసు పెట్టొచ్చు. చాలా కేసులు కోర్టుదాకా పోవు, కంపెనీ రాజీ రుసుము కట్టి ముగించుకునే వీలు చట్టంలోనే ఉంది. ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్తుంది, మీకు రాదు. ఇది తెలీక "నాకేంటి లాభం" అని మధ్యలో వదిలేసేవాళ్లున్నారు, దయచేసి వదలొద్దు, ఆరు గ్రాములు మీకు చిన్నదే కానీ బ్యాచ్ మొత్తానికి లెక్కేస్తే చిన్నది కాదు.

మీకు పరిహారం కావాలంటే అది వేరే దారి. ఇండియాలో 2019 కన్స్యూమర్ ప్రొటెక్షన్ చట్టం కింద జిల్లా కమిషన్‌లో, రెండేళ్లలోపు వేయాలి. అక్కడికి వెళ్తే శాఖ తనిఖీ రిపోర్టు మీకు పెద్ద బలం, అందుకే శాఖ కంప్లైంట్ ముందు, కమిషన్ తర్వాత.

జవాబు రాకపోతే రెండు వారాలకి కంప్లైంట్ నంబర్ రాసి గుర్తుచేయండి, నెలకి పై ఆఫీసర్‌కి కాపీ పెట్టండి. ఇండియాలో సమాచార హక్కు చట్టం కింద "ఈ నంబర్ కంప్లైంట్ మీద ఏ తేదీన తనిఖీ జరిగింది, ఎన్ని ప్యాకెట్లు తూచారు, ఎంత తరుగు వచ్చింది" అని అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే జవాబు దాటేయడం వాళ్లకి తేలిక, తేదీలూ అంకెలూ అడిగితే దాటేయడం కష్టం.

తనిఖీలో సగటు సరిగ్గా వచ్చిందని జవాబొస్తే, ఏ బ్యాచ్ తూచారో చూడండి. మీరు రాసిన బ్యాచ్ కాకుండా వేరేది తూచి ఉంటే, సీల్ ఉన్న మీ ప్యాకెట్లు చూపించి మళ్లీ అడిగే హక్కు మీకుంది. అదే బ్యాచ్ అయితే ఒప్పుకుని ఆపేయండి.

తరుగు తేలి చర్య తీసుకున్నా ఫైలు పారేయొద్దు. మూడు నెలలాగి కొత్త బ్యాచ్‌వి అయిదు ప్యాకెట్లు కొని, అదే కాటా మీద, అదే వరుసలో తూచి, పాత పట్టిక కిందే రాసుకోండి. మళ్లీ తక్కువ వస్తే పాత కంప్లైంట్ నంబర్ పైన పెట్టి కొత్తది రాయండి, చాలా చట్టాల్లో రెండోసారి తప్పుకి శిక్ష మొదటిదానికన్నా బరువుగా ఉంటుంది.